పాత ఇల్లు, కొత్త బోర్డు: ఆర్క్ బ్రేకర్ ఎవరికి తప్పనిసరి?

ఇంటి కరెంటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్కారమండీ. మాది చెన్నై పెరంబూరులో 1972లో నాన్నగారు కట్టించిన ఇల్లు. ఆయన ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఇప్పటికీ హాల్లో చెక్క పలక మీద పింగాణీ ఫ్యూజులే ఉన్నాయి. ఎండాకాలంలో ఏసీ, మిక్సీ కలిపి వేస్తే ఫ్యూజు పోతుంది. మావారు రాగి పోగు చుట్టి మళ్ళీ పెడతారు. ఇక లాభం లేదని బోర్డు మొత్తం మార్పిద్దామనుకుంటున్నాం. ఇదే సమయంలో మా తమ్ముడు టెక్సస్‌లో డల్లాస్ పక్కన రిచర్డ్‌సన్‌లో 1968 నాటి ఇల్లు కొన్నాడు. వాడూ ప్యానెల్‌ను 100 ఆంప్స్ నుంచి 200 ఆంప్స్‌కి పెంచుతున్నాడు. ఒక కాంట్రాక్టర్ ప్రతి సర్క్యూట్‌కీ ఆర్క్ ఫాల్ట్ బ్రేకర్ తప్పనిసరి అని పెద్ద అంచనా ఇచ్చాడట. ఇంకొకాయన అసలు అక్కర్లేదన్నాడట. వాడికి ఒకటే టెన్షన్. "అక్కా, అవి లేకపోతే ఇల్లు తగలబడుతుందంటున్నారు, నువ్వూ అవే వేయించు, డిసెంబర్‌లో వచ్చేటప్పుడు నీకూ పది తెస్తాను" అంటున్నాడు. ఇక్కడి మా ఎలక్ట్రీషియన్ ఆ పేరే వినలేదంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?
— ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: అమ్మా, ముందు డిసెంబర్ సంగతి. ఆ బ్రేకర్లు తేవద్దని మీ తమ్ముడికి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. అక్కడ ఇళ్ళలో అమ్మే ఆర్క్ ఫాల్ట్ బ్రేకర్లు 120 వోల్టులు, 60 హెర్ట్జ్ సరఫరా కోసం చేసినవి. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. పైగా అక్కడి బ్రేకర్‌ను ఏ ప్యానెల్ కోసం తయారు చేస్తే దాంట్లోనే పెట్టాలి. మన డీబీల్లో, అంటే బ్రేకర్లుండే బోర్డు డబ్బాల్లో, డిన్ రైల్ అనే లోహపు పట్టీ మీద బిగిస్తారు. ఆయన ప్రేమగా తెచ్చినా మీ గోడ మీద అవి కూర్చోవు. ఎవరైనా ఎలాగోలా ఇరికించినా అది పని చేస్తుందని నమ్మడానికి వీల్లేదు.

ఇక ఆ బ్రేకర్ ఏం చేస్తుందో చెబుతాను. అది తెలిస్తే ఇద్దరు కాంట్రాక్టర్లలో ఎవరిది ఎంత నిజమో మీకే అర్థమవుతుంది.

వైరు మోయగలిగిన దానికన్నా ఎక్కువ లోడ్ పడితే, లేదా ఫేజూ న్యూట్రలూ నేరుగా తగిలి షార్ట్ అయితే, ఫ్యూజు బదులు వాడే ఎమ్‌సీబీ స్విచ్ తనంతట పడిపోతుంది. కరెంటు దారి తప్పి మనిషి ఒంట్లోంచో తడి గోడలోంచో భూమిలోకి పోతుంటే ఆర్‌సీసీబీ అనే లీకేజీ బ్రేకర్ పడిపోతుంది. ఈ రెండింటికీ చిక్కని మూడో జబ్బు ఒకటుంది. గోడ లోపల వైరు సగం తెగి ఉంటుంది, లేదా సాకెట్ వెనక స్క్రూ వదులై ఉంటుంది. ఆ సందులో కరెంటు నిప్పురవ్వలు చిమ్ముతూ దూకుతుంది. దీన్నే ఆర్క్ అంటారు. అవతల ఫ్రిజ్జో ఇస్త్రీపెట్టో మామూలుగానే నడుస్తుంటుంది. అది రోజూ లాగేంత కరెంటే ఇప్పుడూ లాగుతోంది కాబట్టి ఎమ్‌సీబీకి తేడా తెలియదు. కరెంటు బయటికి పోవడం లేదు కాబట్టి ఆర్‌సీసీబీ కూడా కదలదు. ఆ రవ్వ దగ్గర మాత్రం ఇన్సులేషన్ మాడి బొగ్గవుతుంది. బొగ్గు కరెంటును మోస్తుంది, దాంతో రవ్వ ఇంకా సులువుగా పుడుతుంది. పక్కన చెక్క పట్టీ ఉంటే, కర్టెన్ ఉంటే, ఆ తర్వాత జరిగేది చెప్పనక్కర్లేదు.

ఆర్క్ ఫాల్ట్ బ్రేకర్‌లో ఒక చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది. అది కరెంటు ఎంత ఉందని మాత్రమే కాక ఎలా ఉందని కూడా గమనిస్తుంది. రవ్వ పుట్టినప్పుడు కరెంటు అలలో ఒక రకమైన గరగర, వేగంగా మారే సంకేతం వస్తుంది. స్విచ్ వేసినప్పుడు, మిక్సీ బ్రష్షుల దగ్గర, వెల్డింగ్ మిషన్‌లో కూడా రవ్వలొస్తాయి. వాటినీ ప్రమాదకరమైన రవ్వనూ విడదీసి చూడటమే దాని పని. అమెరికా ప్రమాణం యూఎల్ 1699 ప్రకారం ఇప్పటి బ్రేకర్లు 5 ఆంప్స్ దగ్గరి వరస ఆర్క్‌ని, అంటే ఒకే వైరు తెగిన చోట పుట్టే రవ్వని కూడా పట్టాలి. మన వోల్టేజీకి వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62606లో ఆ అంకె 2.5 ఆంప్స్, సెకను లోపు తెగిపోవాలి. ఆ ప్రమాణం ప్రకారం చేసిన ఆర్క్ పరికరాన్ని ఇటువైపు ఏఎఫ్‌డీడీ అంటారు. మీ ఎలక్ట్రీషియన్ వినలేదంటే ఆయన్ని తప్పు పట్టకండి. మన ఇళ్ళలో అది ఇంకా అరుదు.

ఇప్పుడు మీ తమ్ముడి ఇల్లు. అమెరికాలో ఎన్‌ఈసీ అనే విద్యుత్ కోడ్‌ను మూడేళ్ళకోసారి తిరగరాస్తారు. 1999 కోడ్‌లో మొదటిసారి ఈ బ్రేకర్‌ను పడకగదుల సాకెట్లకు తప్పనిసరి చేశారు. ఆ నిబంధన 2002 జనవరి 1 నుంచి అమలైంది. 2008లో హాలు, భోజనాల గది లాంటి చాలా గదులకు విస్తరించారు. 2014లో వంటగది, బట్టలుతికే చోటు కూడా చేరాయి. అంటే కొత్తగా కట్టే ఇంట్లో దాదాపు నివసించే ప్రతి గదికీ కావాలి. మొదటి కాంట్రాక్టర్ ఈ జాబితా చూపించే అన్నీ వేయాలని ఉంటాడు.

కానీ పాత ఇంటికి కోడ్ వేరే ప్రశ్న అడుగుతుంది. ఆ గదులకు వెళ్ళే వైరింగ్‌ని మార్చారా, పొడిగించారా, కొత్తది లాగారా? చేస్తే ఆ సర్క్యూట్‌కి ఆర్క్ రక్షణ ఇవ్వాలి. ఒక మినహాయింపు ఉంది. ఉన్న వైరును 6 అడుగులకు మించకుండా పొడిగించి, కొత్త సాకెట్టూ స్విచ్చూ ఏమీ చేర్చకపోతే అక్కర్లేదు. 2020 నుంచి ఆ 6 అడుగుల లెక్కలో ప్యానెల్ డబ్బా లోపలి వైరు చేరదని కూడా స్పష్టం చేశారు. ఈ మినహాయింపు పెట్టిందే ఇలాంటి పనుల కోసం. పాత డబ్బా తీసి అదే గోడ మీద కొత్త డబ్బా పెట్టి, అవే వైర్లు కొత్త బ్రేకర్లకు కలిపితే, ఆ ఒక్క పనితో ప్రతి సర్క్యూట్‌కీ ఆర్క్ బ్రేకర్ తప్పనిసరి అయిపోదు. రెండో కాంట్రాక్టర్ చెప్పింది ఇంతవరకు నిజం.

ఇంతవరకే. ప్యానెల్‌ను గరాజ్ ఈ మూల నుంచి ఆ మూలకు జరిపితే వైర్లు 6 అడుగులు దాటి పొడిగించాల్సి రావచ్చు. అప్పుడు లెక్క మారిపోతుంది. ఇంట్లో పాత సాకెట్లు తీసి కొత్తవి పెడుతున్నా మారుతుంది. ఆర్క్ రక్షణ అవసరమైన గదిలో సాకెట్ మారిస్తే దానికీ రక్షణ ఇవ్వాలని కోడ్‌లో వేరే నిబంధన ఉంది. కొత్త ఇల్లు కొన్నవాళ్ళు పసుపెక్కిన సాకెట్లన్నీ మార్పించడం మామూలే కదా. ఆ సంగతి కాంట్రాక్టర్‌కి ముందే చెప్పమనండి.

నాకు ఇంకో ఆందోళన కూడా ఉంది. ఆర్క్ బ్రేకర్ల మీదే గొడవ నడుస్తుంటే, ప్యానెల్ మార్చినప్పుడు నిజంగా తప్పనిసరయ్యేవి మరుగున పడతాయి. 2020 కోడ్ నుంచి ఇంటి సర్వీసు పరికరాన్ని, అంటే బయటి సరఫరా ఇంట్లోకి వచ్చే చోటి మెయిన్ పరికరాన్ని, మారిస్తే, వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకినప్పుడు కాపాడే సర్జ్ రక్షణ పరికరం పెట్టాలి. 2023 కోడ్ ప్రకారం, సర్వీసు మార్చినప్పుడు ఇంటి బయట అందుబాటులో ఎమర్జెన్సీ డిస్‌కనెక్ట్ కూడా ఉండాలి. అగ్నిమాపక సిబ్బంది లోపలికి రాకముందే కరెంటు తీసేయడానికి అది. టెక్సస్ రాష్ట్రం 2023 కోడ్‌ని 2023 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి తెచ్చింది. అయితే నగరాలు తమ సవరణలు చేర్చుకుంటాయి. చివరి మాట స్థానిక ఇన్‌స్పెక్టర్‌ది. అందుకని మీ తమ్ముడు చేయాల్సిన మొదటి ఫోన్ రిచర్డ్‌సన్ నగర పర్మిట్ ఆఫీసుకి. "వైరింగ్ ముట్టుకోకుండా ప్యానెల్ మాత్రం మారుస్తున్నాను, ఏ కోడ్ అమల్లో ఉంది, స్థానిక సవరణలేమిటి?" అని అడగాలి. ఆ జవాబు చేతిలో ఉంటే ఇద్దరు కాంట్రాక్టర్ల అంచనాలనూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. పర్మిట్ లేకుండా చేసేద్దామనే మూడో కాంట్రాక్టర్ ఎవరైనా వస్తే గుమ్మంలోంచే పంపేయమనండి.

అమ్మా, 1968 అని మీరు రాశారు చూడండి, నా మనసు అక్కడే ఆగింది. అమెరికాలో 1965 నుంచి 1970ల మొదటి వరకు కట్టిన ఇళ్ళలో చాలావాటికి సాకెట్ల దాకా అల్యూమినియం వైరే లాగారు. రాగి ధర పెరగడం దానికి కారణం. ఆ వైరు వేడికి సాగుతుంది, చల్లబడి ముడుచుకుంటుంది, స్క్రూ కింద మెల్లగా వదులవుతుంది, పైన ఆక్సైడ్ పొర కడుతుంది. అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ చెప్పిన లెక్క ఇది: 1972కి ముందు తయారైన అల్యూమినియం వైరున్న ఇళ్ళలో, సాకెట్ దగ్గరి జాయింట్లు మంట పుట్టించే స్థితికి చేరే అవకాశం రాగి వైరున్న ఇళ్ళకన్నా 55 రెట్లు ఎక్కువ. దానికి ఆ కమిషన్ ఒప్పుకునే పరిష్కారాలు రాగి వైరు మళ్ళీ లాగడం, లేదా ప్రతి జాయింట్ దగ్గరా రాగి ముక్కను ప్రత్యేకమైన కనెక్టర్‌తో కలపడం. ఆర్క్ బ్రేకర్ ఆ జాబితాలో లేదు.

ఎందుకు లేదో చెప్పాలి. వదులైన జాయింట్ ప్రతిసారీ రవ్వలు చిమ్మదు. చాలాసార్లు నిశ్శబ్దంగా ఎర్రగా కాగుతుంది. ఆ జాయింట్ దగ్గర 5 వోల్టులు తగ్గుతున్నాయనుకోండి, 8 ఆంప్స్ లోడ్ ఉందనుకోండి, శెనగ గింజంత చోట 40 వాట్ల వేడి. రేడియో రిపేర్ కుర్రాడి సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లతోనే సీసాన్ని కరిగిస్తుంది. ఇక్కడ అంతకన్నా ఎక్కువ వేడి గోడ లోపల ప్లాస్టిక్ పక్కన గంటల తరబడి ఉంటుంది. అలలో గరగర ఏమీ ఉండదు కాబట్టి ఆర్క్ బ్రేకర్ దాన్ని నేరుగా గుర్తుపట్టలేదు. ట్రిప్లికేన్‌లో ఒక మేడింట్లో గీజర్ సాకెట్ విప్పి చూస్తే వెనక భాగం గోధుమ రంగుకి తిరిగి, పట్టుకోగానే పొడిగా రాలింది. ఎమ్‌సీబీ ఒక్కసారీ పడలేదని ఆ ఇంటివాళ్ళు చెప్పారు. నిజమే, పడాల్సిన కారణం దానికి కనపడలేదు. ఆ సాకెట్ తీసేసి, కాలిన వైరు కొసలు మంచి రాగి కనపడేదాకా కోసి, కొత్త సాకెట్‌కి బిగించాకే నేను మెట్లు దిగాను.

కాబట్టి మీ తమ్ముడికి నా మాటగా చెప్పండి. ముందు రెండు మూడు సాకెట్లు విప్పించి వైరు తెల్లగా ఉందా, రాగి రంగులో ఉందా చూపించుకోవాలి. పైన రాగి పూత పూసిన అల్యూమినియం కూడా ఉంటుంది, కోసిన చివర చూస్తే తెలుస్తుంది. అల్యూమినియం అయితే మొదటి డబ్బు జాయింట్లకు. ఆ తర్వాత పడకగదులకైనా ఆర్క్ బ్రేకర్లు వేయించుకోమనండి, కోడ్ అడగకపోయినా సరే. అవి మామూలు బ్రేకర్ కన్నా చాలా ఖరీదు, నిజమే. అయినా పిల్లలు పడుకునే గదికి నేనైతే పెడతాను. ఒక జాగ్రత్త: పాత అమెరికా ఇళ్ళలో రెండు సర్క్యూట్లు ఒకే న్యూట్రల్‌ని పంచుకునే వైరింగ్ ఉంటుంది. అలాంటి చోట సింగిల్ పోల్ ఆర్క్ బ్రేకర్ వేస్తే ఊరికే పడుతుంటుంది. రెండు సర్క్యూట్లనూ కలిపి చూసే డబుల్ పోల్‌ది కావాలి. ఇంకోటి, ఆర్క్ బ్రేకర్ ఉంటే షాక్ కొట్టదని అనుకోకూడదు. వంటగది, బాత్రూమ్, గరాజ్‌లకు షాక్ నుంచి కాపాడే జీఎఫ్‌సీఐ రక్షణ వేరుగా కావాలి. రెండూ కలిసిన బ్రేకర్లు కూడా దొరుకుతాయి.

ఇప్పుడు మీ పెరంబూరు ఇల్లు. ఇక్కడ మీలాంటి పాత సొంతింట్లో బోర్డు మారిస్తే ఆర్క్ పరికరం పెట్టి తీరాలన్న నియమం లేదు. ఐఈసీ 60364 భాగం 4-42కి 2014లో వచ్చిన సవరణ దాన్ని పడుకునే గదులున్న ఇళ్ళకు, చెక్కలాంటి మండే పదార్థాలతో కట్టిన వాటికి సిఫారసు చేసింది. బ్రిటన్ 2022లో ఎత్తైన నివాస భవనాలు, విద్యార్థి వసతి గృహాలు, వృద్ధుల సంరక్షణ గృహాల వంటి వాటిలో సాకెట్ సర్క్యూట్లకు తప్పనిసరి చేసింది. మనకు చట్టం గట్టిగా అడిగేది ఎర్త్ లీకేజీ రక్షణ, అంటే ఆర్‌సీసీబీ. ఆ వరసలోనే మీరు డబ్బు ఖర్చుపెట్టాలని నా కోరిక.

కొత్త డబ్బా కొనే ముందు వైర్లని పరీక్ష చేయించండి. 1972 ఇల్లంటే టేకు పట్టీల మీద క్లిప్పులు కొట్టి లాగిన వైరింగ్ అయి ఉండొచ్చు, లోపల రబ్బరు ఇన్సులేషన్ ఉండొచ్చు. రబ్బరు యాభై ఏళ్ళకి ఎండిపోయి, వంచితే పెళుసుగా విరిగిపోతుంది. ఆ రోజుల్లో మన దగ్గర కూడా రాగి కరువుతో అల్యూమినియం వైరు బాగా వాడారు. మీ తమ్ముడి ఇంట్లో వెతకమన్నదే మీ ఇంట్లోనూ వెతకాలి. ఎలక్ట్రీషియన్‌ని ఇన్సులేషన్ బలం కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక్కో సర్క్యూట్ చూడమనండి. 1 మెగా ఓమ్ కన్నా తక్కువ వస్తే ఆ వైరు తీసేయాల్సిందే. మెగ్గర్ లేదన్నవాడికి బోర్డు మార్చే పని అప్పగించకండి. తమిళనాడు ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్‌ని పిలవండి, లైసెన్స్ చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

బోర్డు మార్చేటప్పుడు మన ఇళ్ళలో జరిగే అతి పెద్ద పొరపాటు ఇంకోటుంది. పింగాణీ ఫ్యూజు పోతుంటే రాగి పోగులు పెంచుకుంటూ పోయిన అలవాటే ఎమ్‌సీబీ దగ్గరా కొనసాగుతుంది. 10 ఆంప్స్‌ది పడుతోందని 20, అదీ పడుతోందని 32. వైరు మాత్రం అదే పాత 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్లు). ఎమ్‌సీబీ కాపాడేది ఏసీని కాదు, వైరుని. లైట్ల సర్క్యూట్‌కి 1.5 స్క్వేర్ వైరు, 6 లేదా 10 ఆంప్స్ ఎమ్‌సీబీ. ఏసీకి డీబీ నుంచి విడిగా 4 స్క్వేర్ రాగి వైరు, 20 ఆంప్స్ సి కర్వ్ (మోటారు స్టార్టయ్యే కుదుపుకి పడని రకం) ఎమ్‌సీబీ. గీజర్‌కీ అలాగే విడి వైరు. ఏసీలు పెరుగుతుంటే ఈబీ (కరెంటు బోర్డు) దగ్గర మంజూరైన లోడ్ కూడా పెంచమని దరఖాస్తు పెట్టాలి. మీటరు పక్కన ఈబీ సీలున్న కట్‌అవుట్‌ని (మెయిన్ ఫ్యూజుని) మీ ఎలక్ట్రీషియన్ ముట్టుకోకూడదు. అటు సరఫరా ఆపడానికి ఈబీ మనిషి రావాలి.

ఎర్త్ గుంట ఉందో లేదో చూడండి. పాత ఇళ్ళలో చాలాసార్లు రెండు పిన్నుల సాకెట్లే ఉంటాయి, మూడో రంధ్రం ఉన్నచోట కూడా వెనక వైరు ఉండదు. కొత్త ఎర్త్ పిట్ వేయించి, ప్రతి సాకెట్‌కీ పచ్చ వైరు లాగించండి. దాని తర్వాత 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ. 100, 300 మిల్లీ ఆంప్స్‌వి అమ్మడానికి చూస్తారు, అవి మనిషిని కాపాడేవి కావు. వీలైతే రెండు పెట్టండి, ఒకదాని కింద బాత్రూమ్, వంటిల్లు, బయటి పాయింట్లు, ఇంకోదాని కింద మిగతావి. అప్పుడు వానాకాలంలో వాకిట్లో లైటు తడిసినా ఇల్లంతా చీకటి కాదు. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి. నొక్కితే పడకపోతే అది చచ్చిపోయినట్టే, మార్చేయండి.

ఇవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే, టేకు పట్టీల వైరింగ్‌లో కొంత భాగాన్ని ఇప్పుడే మార్చలేకపోతున్నారంటే, ఆ సర్క్యూట్‌కి ఏఎఫ్‌డీడీ పెట్టించండి. మీ ఇంట్లో అది నిజంగా అక్కరకొచ్చే చోటు అదే. ప్యారిస్ కార్నర్ వీధుల్లో మామూలు కౌంటర్ దగ్గర దొరకకపోవచ్చు, పెద్ద స్విచ్‌గేర్ కంపెనీల డీలర్ దగ్గర ఆర్డర్ ఇవ్వాలి. ధర ఒక్కోటి వేలల్లో ఉంటుంది. 230 వోల్టులు, ఐఈసీ 62606 అని దాని మీద రాసి ఉండాలి. ఉన్న డబ్బంతా దానికి పెట్టి పాత రబ్బరు వైరును ఇల్లంతా అలాగే ఉంచేయడానికి మాత్రం నేను ఒప్పుకోను.

ప్రశ్న: మాది కోడంబాక్కంలో ఫ్లాట్. పోయిన నెల కొత్త డీబీ, ఆర్‌సీసీబీ పెట్టించాం. ఇన్వర్టర్ కనెక్షన్ ఇచ్చిన రోజు నుంచి హాల్లో ఫ్యాన్ వేస్తే చాలు ఆర్‌సీసీబీ పడిపోతోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి "ఇది ఇక్కడికి సరిపడదు" అని దాన్ని తప్పించి డైరెక్ట్ ఇచ్చేశాడు. ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఇలా ఉంచొచ్చా?

జవాబు: ఉంచకూడదు బాబూ. మీ ఆర్‌సీసీబీలో లోపమేమీ లేదు, అది నిజమే చెబుతోంది. ఆర్‌సీసీబీ తనలోంచి వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని చూస్తుంది. ఇన్వర్టర్ పెట్టేటప్పుడు ఫ్యాన్లు, లైట్ల ఫేజుని ఇన్వర్టర్ వైపు మార్చి, న్యూట్రల్‌ని మాత్రం పాత చోటే వదిలేస్తారు. అప్పుడు కరెంటు ఒక దారిలో వెళ్ళి ఇంకో దారిలో వస్తుంది. లెక్క కుదరదు, పడిపోతుంది. ఇన్వర్టర్ మీద నడిచే పాయింట్లకు న్యూట్రల్ పూర్తిగా విడిగా ఉండాలి, డీబీలో దానికి విడి న్యూట్రల్ లింక్ ఉండాలి. పాత ఫ్లాట్లలో ఒక గది న్యూట్రల్‌ని పక్క గది స్విచ్ బోర్డు నుంచి అరువు తెచ్చుకోవడం కూడా చూస్తుంటాను. మెట్ల లైటు న్యూట్రల్ పక్కింటిదై ఉండటం కూడా మామూలే. వెతకడానికి సగం రోజు పట్టొచ్చు. ఆ సగం రోజుకి కూలి ఇచ్చి వెతికించండి. వెతికే ఓపిక లేక తప్పించేసిన మనిషిని మళ్ళీ పిలవకండి. దొరికి సరిచేసేదాకా గీజర్ దగ్గరికి పిల్లల్ని పంపకండి.

ప్రశ్న: వేళచ్చేరిలో అద్దెకుంటున్నాం. 2023 డిసెంబర్ వానల్లో నీళ్ళు కింది అంతస్తు డీబీ దాకా వచ్చాయి. ఓనరుగారు నాలుగు రోజులు ఎండలో పెట్టి, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి మళ్ళీ వాడుతున్నారు. ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది. మళ్ళీ ఐప్పశి (అక్టోబర్-నవంబర్) వానలొచ్చేలోపు ఆయనకేం చెప్పమంటారు?

జవాబు: మునిగిన ఎమ్‌సీబీ, ఆర్‌సీసీబీలను ఆరబెట్టి వాడకూడదని చెప్పండి. వరద నీళ్ళంటే మురుగు, బురద, ఉప్పు. అది లోపలి స్ప్రింగు మీద, కాంటాక్టుల మీద పొరగా మిగిలిపోతుంది. స్విచ్‌గా ఆన్ ఆఫ్ అవుతుంది కాబట్టి బాగుందనిపిస్తుంది. షార్ట్ అయిన రోజు ఆ పొర వల్ల అది తెరుచుకోకపోవచ్చు, ఆర్‌సీసీబీ ఎలక్ట్రానిక్ రకమైతే మరీనూ. ఈ రోజే టెస్ట్ బటన్ నొక్కి చూడండి. పడకపోతే మెయిన్ ఆఫ్ చేసి ఓనరుగారిని అక్కడికే పిలిచి చూపించండి. పడినా సరే, అన్నీ కొత్తవి వేయించమనండి. సాకెట్లు, స్విచ్‌లు కూడా నీళ్ళు తాకినంత ఎత్తు వరకు మార్చాలి. పైపుల్లోని వైరుని మెగ్గర్‌తో చూసి, విలువ బాగుంటే ఉంచుకోవచ్చు. పనిలో పనిగా డీబీని 2023లో నీళ్ళు వచ్చిన గీతకు కనీసం రెండడుగులు పైకి ఎత్తించమని అడగండి. ఆయన ఖర్చు గురించి వెనకాడితే, సగం మీరు పెట్టుకుని అద్దెలో తగ్గించుకుంటామని రాసి ఇవ్వండి. ఈ పని వానలకు ముందే, ఆవణి (ఆగస్టు-సెప్టెంబర్) నెలలోనే పూర్తి చేయించుకోండి. ఐప్పశి వచ్చాక వేళచ్చేరిలో ఖాళీగా ఉన్న ఎలక్ట్రీషియన్ దొరకడు.